నల్లజాతి రచయితల నవలలు, ఏడుగురు పాఠకులు: మా చదువు బృందం పని డైరీ

మేము ఒహాయో రాష్ట్రంలో సిన్సినాటి చుట్టుపక్కల ఉంటున్న ఏడుగురు మిత్రులం. ఐదుగురం తెలుగువాళ్ళం, ఒకరు కన్నడిగుడు, ఒకరు నాతో పాటు పనిచేసే ఆఫ్రికన్ అమెరికన్ మిత్రురాలు. నల్లజాతి రచయితల నవలలను అందరం చదివి, ఒకచోట కూర్చుని చర్చించుకోవడం మా పని. ఇలాంటి బృందం పెట్టుకోవాలనుకునేవారు మా పద్ధతిని ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు, మేము వదిలేసిన పద్ధతుల జోలికి పోకుండా ఉండవచ్చు అన్న ఉద్దేశంతో దీన్ని రాస్తున్నాను. అందుకే ఎందుకు మొదలుపెట్టామన్నది ఇక్కడ లేదు. ఎక్కడ పని నిలిచిపోయింది, ఏం కొలిచాం, ఏం మార్చాం అన్నదే ఉంది.

దశ 1: పేజీల లెక్క

మొదటి పుస్తకంగా టోనీ మోరిసన్ 1987లో ప్రచురించిన 'బిలవ్డ్' తీసుకున్నాం. అది మా ఊరి నవల. కెంటకీలోని స్వీట్ హోమ్ అనే తోట నుంచి పారిపోయిన సెథె ఒహాయో నది దాటి, సిన్సినాటి శివార్లలో బ్లూస్టోన్ రోడ్డులోని 124వ నంబరు ఇంటికి చేరుకుంటుంది. మేము వారం వారం కారులో దాటే నది అదే కాబట్టి మొదటి పుస్తకంగా ఇది సులువుగా సాగుతుందని అనుకున్నాం.

నెలకొక పుస్తకం, నెలాఖరు ఆదివారం సాయంత్రం రెండు గంటల చర్చ అన్నది మొదటి ప్రణాళిక. చర్చనాటికి పుస్తకం పూర్తి చేసినవారు ముగ్గురే. మిగిలినవారికి ఆసక్తి లేదేమోనన్న అనుమానం వచ్చింది గాని, మాలో లెక్కలు రాసే మిత్రుడు ముందు చదివే వేగం కొలుద్దామన్నాడు. ప్రతి ఒక్కరూ ఫోనులో గడియారం పెట్టుకుని, ఇరవై నిమిషాల్లో ఎన్ని పేజీలు అర్థం చేసుకుంటూ చదవగలిగారో రాసి, దాన్ని మూడుతో హెచ్చవేశారు. మామూలు ఇంగ్లీషు నవలలను గంటకు నలభై పేజీల చొప్పున చదివేవారు కూడా ఈ పుస్తకం దగ్గర పద్దెనిమిది నుంచి ఇరవై ఐదు పేజీల మధ్యనే ఉన్నారు. సుమారు మూడు వందల పేజీల పుస్తకానికి ఈ వేగంతో పన్నెండు నుంచి పదిహేడు గంటలు కావాలి. ఉద్యోగం, పిల్లలు, వంట పోగా రోజుకు అరగంట దొరికితే నెలకు పదిహేను గంటలు. అంటే నెమ్మదిగా చదివేవారు ఒక్కరోజు కూడా తప్పకుండా చదివినా ఆ ప్రణాళిక సరిపోదు. లోపం ఆసక్తిలో లేదు, కాలం లెక్కలో ఉంది.

రెండో అడ్డంకి పుస్తకం అమరికలోనే ఉంది. ఈ నవలలో మూడు భాగాలు ఉన్నాయి గాని అధ్యాయాలకు సంఖ్యలు లేవు, పేర్లు లేవు. మాలో ఇద్దరి దగ్గర వేర్వేరు ముద్రణలు, ఇద్దరి దగ్గర ఈ-పుస్తకం, ఒకరి దగ్గర ఆడియో ఉండడంతో ఎవరు ఏ పేజీ చెప్పినా మిగిలినవారు వెతుక్కుంటూ కూర్చోవలసి వచ్చింది. ఒక వాక్యం చెప్పి, అది అందరికీ దొరికేసరికి మూడు నాలుగు నిమిషాలు పోయేవి. చివరికి అందరం పెన్సిలు పట్టుకుని అధ్యాయాలకు సంఖ్యలు వేశాం. మొదటి భాగంలో 18, రెండో భాగంలో 7, మూడో భాగంలో 3, మొత్తం 28. ఆ సంఖ్య రాయగానే మా పెద్దక్క, "సెథె స్వేచ్ఛగా బతికిన రోజులు కూడా ఇరవై ఎనిమిదే కదండీ" అన్నారు. స్వీట్ హోమ్ నుంచి తప్పించుకుని వచ్చిన తరువాత, యజమాని మనుషులు గుమ్మం దగ్గరికి వచ్చేంతవరకు ఆమెకు దక్కినవి ఇరవై ఎనిమిది రోజులే. వట్టి సౌకర్యం కోసం వేసిన ఆ సంఖ్యలు పుస్తకం లోపలి కొలత ఒకదాన్ని మాకు చూపించాయి.

ఇప్పుడు ప్రతి పుస్తకానికి ముందు మేము చేసే పనులు ఇవి:

1. ఇరవై నిమిషాల చదువుతో ప్రతి ఒక్కరి వేగం కొలుస్తాం. అందరికన్నా నెమ్మదిగా చదివేవారి లెక్కనే గడువుగా పెట్టుకుంటాం.
2. పుస్తకాన్ని ఆరు వారాలకు పంచి, మధ్యలో ఒక చర్చ, చివర ఒక చర్చ పెడతాం. మధ్య చర్చలో ఆ తరువాతి కథ చెప్పకూడదు.
3. అధ్యాయాలకు సంఖ్యలు లేకపోతే పెన్సిలుతో వేసుకుంటాం.
4. ఉదహరించేటప్పుడు పేజీ సంఖ్య చెప్పం. అధ్యాయం సంఖ్య, ఆ పేరాలోని మొదటి నాలుగు మాటలు చెబుతాం. ఈ-పుస్తకం ఉన్నవారు ఆ మాటలతో వెతుక్కుంటారు.

గడువు మార్చాక అదే పుస్తకాన్ని మళ్ళీ పెట్టుకున్నాం. ఈసారి ఏడుగురిలో ఆరుగురు పూర్తి చేశారు.

ఇప్పటివరకు: పుస్తకం 1, పూర్తి చేసినవారు మొదట 3, గడువు మార్చాక 6.

దశ 2: చర్చలో పుస్తకం ఎంతసేపు ఉంది

అందరూ చదివి వచ్చినా చర్చ తృప్తినివ్వలేదు. ఎందుకో తేల్చుకోవడానికి కాలాన్ని మూడు ఖాతాలుగా రాశాం: పుస్తకం గురించిన మాటలు, పుస్తకం నుంచి పుట్టిన ఇతర మాటలు, తిండి. రెండు గంటల్లో పుస్తకం వాటా నలభై నిమిషాలు కూడా రాలేదు. తిండికి అరగంట పోయింది. మిగిలిన సమయమంతా మన కులాల గురించి, వీసాల గురించి, ఇక్కడి బడులలో పిల్లలకు ఎదురయ్యే వివక్ష గురించి నడిచింది. అవి చిన్న విషయాలు కావు. కాని సెథె గురించి మొదలైన ప్రతి మాటా మూడో వాక్యానికల్లా మన గురించిన మాటగా మారిపోతోంది.

తిండి సంగతి తేలికగా తేలింది. వచ్చీ రాగానే భోజనాలు పెడితే చర్చ ఆలస్యమవుతుంది, మధ్యలో పెడితే మళ్ళీ కుదురుకోదు. మొదట టీ మాత్రం ఇచ్చి, భోజనం చివరికి జరిపాం.

పోలికల సంగతి అంత తేలిక కాలేదు. మొదట పోలికలను పూర్తిగా నిషేధించి చూశాం, అది తప్పుడు మార్గమని ఒక్క సాయంత్రంలోనే తెలిసింది. కులం మీద, జాతివివక్ష మీద జరిగిన రెండు పోరాటాల మధ్య సంబంధం మన ఊహలోంచి పుట్టింది కాదు, చరిత్రలోనే ఉంది. అంబేడ్కర్ 1913 నుంచి 1916 వరకు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. 1946లో ఆయన అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాసి, నల్లవారి తరఫున ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన విన్నపపత్రం ప్రతిని అడిగారు, డుబాయిస్ జవాబిచ్చారు. 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ తమ పేరును అమెరికాలో నల్లవారి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ల నుంచే తీసుకున్నారు. ఇంతటి చరిత్ర ఉండగా, దాని గురించి మాట్లాడవద్దని మా ఇంటి హాల్లో నియమం పెట్టడం అర్థం లేని పని.

అందుకని పోలికను ఆపకుండా దాని స్థానం మార్చాం. మొదటి గంట పుస్తకానిదే. ఆ గంటలో మాట్లాడాలంటే అధ్యాయం సంఖ్యతో మొదలుపెట్టాలి. రెండో గంటలో పోలికలు తీసుకురావచ్చు, అయితే పోల్చినవారే ఆ పోలిక ఎక్కడ తెగిపోతుందో కూడా చెప్పాలి. ఈ చివరి షరతు వల్లనే చర్చ స్థాయి మారింది.

అది ఎలా పనిచేసిందో ఒక ఉదాహరణతో చెబుతాను. సెథె కథకు ఆధారం మార్గరెట్ గార్నర్ జీవితం. 1856 జనవరిలో ఆమె కుటుంబంతో సహా గడ్డకట్టిన ఒహాయో నది మీద నడిచి కెంటకీ నుంచి సిన్సినాటికి వచ్చింది. వెంటాడి వచ్చినవారు ఇంటిని చుట్టుముట్టినప్పుడు, బిడ్డలు తిరిగి బానిసలు కాకూడదని రెండేళ్ళ కూతురిని తన చేతులతో చంపింది. బానిసత్వాన్ని వ్యతిరేకించినవారు ఆమె మీద ఒహాయోలో హత్యానేరం మోపాలని కోరారు. ఎందుకంటే హత్యానేరం మనిషి మీదనే మోపగలరు. ఆ కేసు నడిస్తే ఆమె మనిషి అని న్యాయస్థానం ఒప్పుకున్నట్టవుతుంది, బిడ్డ కూడా మనిషి అవుతుంది. కాని 1850 నాటి పరారీ బానిసల చట్టం ప్రకారం ఆమెను ఆస్తిగానే లెక్కగట్టి కెంటకీకి తిప్పి పంపారు. రెండేళ్ళ తరువాత, 1858లో, ఆమె మిసిసిపీలో టైఫాయిడ్‌తో మరణించింది.

ఇది తెలిశాక, వెట్టిచాకిరీతో పోలిక తెచ్చిన మిత్రుడే ఆ పోలిక ఎక్కడ తెగుతుందో చెప్పాడు. వెట్టి మనిషిని నేలకు, అప్పుకు, కులానికి కట్టేస్తుంది; తల్లి నుంచి బిడ్డను విడదీసి వేరే రాష్ట్రంలో సంతలో అమ్ముకునే హక్కును చట్టంగా రాసి ఇవ్వడం వేరొక యంత్రాంగం. సెథె చేసిన పనిని అర్థం చేసుకోవాలంటే ఆ రెండోది కళ్ళముందు ఉండాలి. పోలిక తెగిన చోటనే మేము నవలలోకి లోతుగా వెళ్ళగలిగాం. ఈ డైరీలో మరేదీ పట్టించుకోకపోయినా, ఈ ఒక్క షరతును తీసుకోమని కోరుతున్నాను.

ఇప్పటివరకు: రెండు గంటల్లో పుస్తకం వాటా మొదట 38 నిమిషాలు, మార్పుల తరువాత 75 నిమిషాలకు పైన.

దశ 3: ప్రశ్న ఎవరిని అడగాలి

తీర్పులు చెప్పే అలవాటు మరో అడ్డంకి అయింది. సెథె చేసినది సరైనదేనా అన్న ప్రశ్న పెడితే ఒక సాయంత్రం మొత్తం వాదోపవాదాలకే సరిపోయింది, పుస్తకం ఎవరూ తెరవలేదు. మళ్ళీ కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న తీసేసి, పదహారో అధ్యాయాన్ని ఎవరి కళ్ళతో చూస్తున్నాం అని అడిగాం. సెథె కళ్ళతో అని నలుగురు వెంటనే అన్నారు. పుస్తకం తెరిచి చూస్తే ఆ అధ్యాయం గుర్రాల మీద వచ్చిన నలుగురితో మొదలవుతుంది. తోట పెత్తనం చేసే స్కూల్‌టీచర్, అతని బంధువు, బానిసలను పట్టేవాడు, షెరీఫ్. కొట్టంలో జరిగిన ఘోరాన్ని మనకు మొట్టమొదట పూర్తిగా చూపించేది వాళ్ళ చూపే. వాళ్ళకు అక్కడ కనబడింది తల్లీబిడ్డలు కాదు, పాడైపోయి ఇక పనికిరాకుండా పోయిన ఆస్తి. పదిహేను అధ్యాయాల పాటు సెథె మనసుకు దగ్గరగా నడిచి వచ్చిన పాఠకుణ్ణి, సరిగ్గా ఆ క్షణంలో రచయిత్రి వెంటాడేవాడి జీను మీద కూర్చోబెట్టింది. మోరిసన్ ఈ అమరిక ఎందుకు ఎంచుకున్నారన్న దాని మీద మేము గంటకు పైగా మాట్లాడాం. పద్దెనిమిదో అధ్యాయంలో సెథె అదే సంగతి, స్వీట్ హోమ్‌లో తనతో పాటు బానిసగా ఉన్న పాల్ డికి చెప్పబోయి, చెప్పలేక గదిలో గుండ్రంగా తిరుగుతూ ఉండడం కూడా అప్పుడే అందరి దృష్టికి వచ్చింది.

అప్పటినుంచి మా ప్రశ్నలు ఈ మూడు మూసల్లోనే ఉంటున్నాయి: ఇది ఎవరు చెబుతున్నారు, ఇప్పుడే ఎందుకు చెబుతున్నారు, ఏది చెప్పకుండా వదిలారు.

ఇంకో కొలత కూడా అవసరమైంది. బానిసత్వం గురించో, చర్చి గురించో, జుట్టు గురించో ఏ సందేహం వచ్చినా అందరి ముఖాలూ నా సహోద్యోగి వైపే తిరిగేవి. ఒక సాయంత్రం లెక్కలు రాసే మిత్రుడు కాగితం మీద గీతలు పెట్టి చూపించాడు. అడిగిన ప్రశ్నలలో సగానికి పైగా ఆమెనే ఉద్దేశించి అడిగినవి. ఆమె ఓపికగా జవాబులు చెబుతూ వచ్చింది గాని, ఆ కాగితం చూశాక సూటిగా ఒక మాట అంది: ఈ పుస్తకాన్ని మీలాగే నేనూ ఇప్పుడే చదివాను, దీని గురించి నాకూ మీకున్నన్ని ప్రశ్నలు ఉన్నాయి. ఒక జాతి మొత్తం తరఫున సమాధానం చెప్పే బాధ్యత ఎవరి మీద పెట్టినా ఆ మనిషి పాఠకురాలిగా మిగలదు. ఆ రోజు నుంచి ప్రశ్నలో మనిషి పేరు ఉండకూడదని, అధ్యాయం సంఖ్య ఉండాలని రాసుకున్నాం. చరిత్ర సందేహాలు వస్తే వాటిని వేరే కాగితం మీద రాసి, ఒకరు గ్రంథాలయంలో చూసి వచ్చే చర్చలో చెబుతారు.

ఈ మార్పుతో కొత్తగా మౌనం వచ్చి పడింది. ఇద్దరు మిత్రులు, ముఖ్యంగా ఇంగ్లీషులో తడుముకునే ఒక చెల్లెమ్మ, ఏం అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకునేవారు. దీనికి పరిష్కారం నల్లవారి చదువు బృందాల చరిత్రలోనే దొరికింది. 1831లో ఫిలడెల్ఫియాలో స్వతంత్రులైన నల్లజాతి స్త్రీలు ఒక సాహిత్య సంఘం పెట్టుకున్నారు. సభ్యులు తమ రచనలను పేరు రాయకుండా ఒక పెట్టెలో వేసేవారు. సమావేశంలో వాటిని తీసి చదివి, మంచిచెడ్డలు మాట్లాడుకునేవారు. దక్షిణాదిలో బానిసలకు అక్షరాలు నేర్పడమే నేరంగా చట్టాలు వస్తున్న కాలంలో ఆ స్త్రీలు ఇంత జాగ్రత్తగా పద్ధతి ఏర్పరచుకున్నారు. మేము ఆ పద్ధతినే ప్రశ్నలకు వాడుకున్నాం. వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరూ రెండు చీటీలు, పేరు లేకుండా, తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా రాసి డబ్బాలో వేస్తారు. ఇప్పటివరకు మాకు దొరికిన మంచి ప్రశ్నలలో ఎక్కువ భాగం ఆ డబ్బాలోంచి వచ్చినవే.

దశ 4: చెవికి పెట్టిన పుస్తకం

రెండో పుస్తకం జోరా నీల్ హర్‌స్టన్ 1937లో ప్రచురించిన 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్'. హైతీలో ఉండగా ఏడు వారాలలో ఆమె దీన్ని రాశారు. కథనం సాహిత్య ఇంగ్లీషులో సాగుతుంది. మాటలు మాత్రం ఫ్లోరిడా నల్లవారి పలుకును అక్షరం అక్షరం పట్టుకుని రాసినవి. మళ్ళీ వేగం కొలిచాం. కథనం ఉన్న చోట గంటకు ముప్పై ఐదు పేజీలు నడిచిన మిత్రుడు, సంభాషణలున్న చోట పద్దెనిమిదికి పడిపోయాడు. ఇద్దరు మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోయారు.

కంటితో అర్థం కానిది చెవికి అర్థమవుతుందేమోనని బిగ్గరగా చదవడం మొదలుపెట్టాం. ఇక్కడ ఒక హెచ్చరిక. మాలో ఒకరు ఉత్సాహంగా ఆ యాసను అనుకరిస్తూ చదివారు, అది వినడానికి ఎవరికీ బాగాలేదు. అనుకరణ మొదలవగానే పాత్రలు మనుషులుగా కాకుండా వేషాలుగా వినిపిస్తాయి. అందుకని యాస పట్టకుండా, రాసిన మాటలను రాసినట్టే, మన మామూలు గొంతుతో నింపాదిగా చదవాలని నిర్ణయించాం. అసలు నాదం కావాలంటే నటి రూబీ డీ చదివిన ఆడియో ఉంది. ముందు పది నిమిషాలు ఆమె గొంతు విని, తరువాత అదే భాగాన్ని కంటితో చదివితే, ఆగిపోయిన ఇద్దరి వేగం ఇరవై ఐదుకు చేరింది. 'బిలవ్డ్' ఆడియోను టోనీ మోరిసన్ స్వయంగా చదివారు. ఈ ఉపాయం అప్పుడే తట్టి ఉంటే మొదటి పుస్తకం దగ్గర చాలా శ్రమ తగ్గేది.

అదే సందర్భంలో మరో నియమం కూడా రాసుకున్నాం. నల్లవారిని అవమానిస్తూ తెల్లవారు వాడిన తిట్టు ఈ పుస్తకాలలో తరచుగా వస్తుంది. బిగ్గరగా చదివేటప్పుడు అక్కడ క్షణం ఆగి ముందుకు వెళతాం. కాగితం మీద ఆ మాట ఎందుకు ఉందో చర్చిస్తాం, నోటితో అనం.

చర్చలో ఎక్కువసేపు నిలిచింది పంతొమ్మిదో అధ్యాయం. తుఫాను వెలిశాక కథానాయిక భర్త టీ కేక్‌ను తుపాకులు చూపి పట్టుకెళ్ళి శవాలను పూడ్పిస్తారు. శవపేటికలు తెల్లవారికే, నల్లవారిని సున్నం చల్లి గుంటలో వేయమని కాపలావాళ్ళు చెబుతారు. శవం ఎవరిదో గుర్తుపట్టలేని స్థితిలో జుట్టు చూసి రంగు తేల్చమంటారు. ఇది కల్పన కాదు. 1928 సెప్టెంబరులో ఓకీచోబీ సరస్సు గట్టు తెగి కనీసం 2,500 మంది చనిపోయారు. మృతుల్లో అత్యధికులు పొలాల్లో పనిచేసే నల్లవారు. వెస్ట్ పామ్ బీచ్‌లో 69 మంది తెల్లవారిని శ్మశానవాటికలో ఖననం చేసి, 674 మంది నల్లవారిని గుర్తు కూడా లేని ఒకే గోతిలో పూడ్చారు. తీరప్రాంతంలో పుట్టిన మా వదినగారు దివిసీమ ఉప్పెన తరువాత శవాలను ఎలా సాగనంపారో తన తండ్రి దగ్గర విన్న సంగతులు చెప్పారు, వెంటనే తానే పోలికను తెంపారు: ఉప్పెన తరువాత కూడా పేదవాడి శవానికి మర్యాద దక్కకపోవచ్చు గాని, శవాన్ని రంగును బట్టి వేరుచేయమని తుపాకీ చూపి చెప్పే ప్రభుత్వ ఆజ్ఞ వేరు.

ఈ నవల కొన్ని దశాబ్దాల పాటు అచ్చులో లేదు. హర్‌స్టన్ 1960లో పేదరికంలో మరణిస్తే సమాధికి రాయి కూడా పెట్టలేదు. 1973లో రచయిత్రి ఆలిస్ వాకర్ ఫోర్ట్ పియర్స్‌లో కలుపు మొక్కల మధ్య ఆ చోటు వెతికి రాయి వేయించారు. ఒక పాఠకురాలు పూనుకోకపోతే ఈ పుస్తకం మా దాకా వచ్చేదో లేదో.

ఇప్పటివరకు: పుస్తకాలు 2, ఈసారి పూర్తి చేసినవారు 7, బిగ్గరగా చదివిన భాగం పుస్తకంలో సుమారు ఐదో వంతు.

దశ 5: గోడ మీద రెండు వరుసలు

మూడో పుస్తకం ఘనాలో పుట్టి అలబామాలో పెరిగిన యా జాసీ 2016లో రాసిన 'హోమ్‌గోయింగ్'. పద్నాలుగు అధ్యాయాలు, ఒక్కో అధ్యాయం ఒక్కో మనిషిది. ఎఫియా, ఎసీ ఒకరినొకరు ఎరుగని అక్కచెల్లెళ్ళు. ఒకరు కేప్ కోస్ట్ కోటలో పై అంతస్తున తెల్ల అధికారికి భార్య. మరొకరు అదే కోట అడుగున చీకటికొట్టులో, ఓడ కోసం నిర్బంధంలో ఉన్న బానిస. అక్కడినుంచి ఒక వంశం ఆఫ్రికాలో, ఒక వంశం అమెరికాలో నడుస్తాయి.

పద్నాలుగు అధ్యాయాలు, ఏడుగురు మనుషులు కాబట్టి తలా రెండు అధ్యాయాలు పంచి, ఎవరి అధ్యాయాలను వారు వివరించాలన్నాం. ఈ పంపకం చెడింది. ప్రతి ఒక్కరూ తమ రెండు అధ్యాయాలను కంఠతా పట్టినట్టు చెప్పారు, మిగిలిన పన్నెండింటిని పైపైన తిప్పేశారు. చర్చ ఏడు ఉపన్యాసాలుగా మారింది. అందరూ మధ్య భాగం దగ్గర ఎవరు ఎవరి బిడ్డో మరిచిపోయారు.

మార్చినది ఇలా:

1. గోడకు ఆరడుగుల పొడవున గోధుమరంగు కాగితం అంటించాం. ఎడమ వరుస ఆఫ్రికాది, కుడి వరుస అమెరికాది, మధ్యలో సంవత్సరాలు.
2. చదివిన వెంటనే ప్రతి ఒక్కరూ ఆ మనిషి పేరు కింద ఒక్కటే రాయాలి: ఈ అధ్యాయం నుంచి తరువాతి తరానికి ఏం అందింది, ఏం అందలేదు.
3. ఒక్కరికే రెండు అధ్యాయాలు ఇచ్చినా, ఒకటి ఎడమ వరుసలోది, ఒకటి కుడి వరుసలోది, ఒకే తరానివి అయి ఉండాలి.
4. ఆ అధ్యాయాల మీద ప్రశ్నలు వేసేది వేరొకరు. వివరించేవారు జవాబు చెప్పేది ఆఖరున.

రెండో నియమం వల్ల కాగితం మీద కుడి వరుస త్వరగానే ఖాళీలతో నిండింది. ఎడమ వరుసలో పేరు, ఊరు, తాతల కథ, శాపం ఏదో ఒకటి చేతులు మారుతూనే ఉన్నాయి. కుడి వరుసలో ఎసీ కూతురు నెస్ దగ్గరికి వచ్చేసరికి తల్లి భాష తెగిపోయింది. హెచ్ అనే మనిషికి పేరు స్థానంలో ఒక్క అక్షరమే మిగిలింది. బానిసత్వం రద్దయ్యాక కూడా హెచ్‌ను చిన్న సాకుతో అరెస్టు చేసి, ఖైదీల కిరాయి పద్ధతిలో అలబామా బొగ్గుగనులకు పంపుతారు. చదువుతున్నప్పుడు ఇద్దరం మాత్రమే గమనించిన ఈ సంగతి, కాగితం మీద చూడగానే అందరికీ ఒకేసారి కనబడింది. ఈ ప్రాజెక్టులో మేము వాడిన సాధనాలన్నిటిలోకీ నాకు అత్యంత ప్రియమైనది ఆ కాగితమే. తరాలు మారే ఏ నవలకైనా మొదటి రోజునే గోడకు అంటించుకోండి.

దశ 6: తెలుగు ప్రతితో ప్రయోగం

ఆ కాగితాన్ని వీడియోలో చూసిన మా పెద్దక్క నాన్నగారు విజయవాడ నుంచి, "అమ్మా, ఇది మా కాలంలో ఏడుతరాలు చదివినట్టే ఉందే" అన్నారు. అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన 'రూట్స్' నవలకు సహవాసి చేసిన తెలుగు అనువాదం అది, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణ. ఎందరో తెలుగు పాఠకులకు నల్లవారి చరిత్ర తొలిసారి తెలిసింది ఆ పుస్తకంతోనే. ఆయనను, ఆయన మిత్రులు ఇద్దరిని చర్చకు ఆహ్వానించాం. వాళ్ళు తెలుగులో, మేము ఇంగ్లీషులో చదివాం.

కొన్ని ఇబ్బందులు వచ్చాయి. తెలుగు పుస్తకం మూలం కన్నా బాగా చిన్నది. అందువల్ల మేము ఎక్కువసేపు మాట్లాడిన కొన్ని ఘట్టాలు వాళ్ళ చేతిలో లేవు. అధ్యాయం సంఖ్యలు కలవవు కాబట్టి దశ 1లోని నాలుగో నియమం పనికిరాలేదు. దాని స్థానంలో ఘట్టం పేరు వాడాం, 'కుంటా పాదం నరికిన చోటు' అన్నట్టుగా (కుంటా కింటే ఆ నవలలో బానిసగా అమెరికాకు తెచ్చిన ఆఫ్రికన్). మా సాయంత్రం నాలుగంటే వాళ్ళకు అర్ధరాత్రి దాటుతుంది. కాబట్టి ఆ ఒక్క చర్చను ఉదయం తొమ్మిదికి జరిపాం. నా సహోద్యోగి కోసం ఇద్దరం వంతులవారీగా వాళ్ళ మాటలను ఇంగ్లీషులో చెప్పాం, దానివల్ల మాట్లాడే సమయం దాదాపు రెట్టింపు అయింది. ఇలా చేయదలిస్తే రెండు గంటలకు బదులు మూడు గంటలు పెట్టుకోండి, ఘట్టాల సంఖ్యను నాలుగుకు మించనివ్వకండి.

పెద్దవాళ్ళు తెచ్చిన ఒక చూపు మా దగ్గర లేదు. మేము కుంటా కింటే తప్పించుకునే ప్రయత్నాల మీద దృష్టి పెడితే, ఆ ముగ్గురూ అతను కూతురు కిజ్జీకి తన ఊరి నది పేరు, వస్తువుల పేర్లు నేర్పే ఘట్టం మీదే నిలిచారు. గోడ మీది కాగితంలో మేము పెట్టుకున్న ప్రశ్న కూడా సరిగ్గా అదే: ఏం అందింది, ఏం అందలేదు.

ఇప్పటివరకు: పుస్తకాలు 4, శాశ్వత సభ్యులు 7, తెలుగు ప్రతితో చేరినవారు 3, చర్చలో పుస్తకం వాటా సగటున మూడింట రెండు వంతులు.

తరువాతి పుస్తకం నిర్ణయమైంది. కెన్యా రచయిత గూగీ వా థియోంగో 1977 చివర అరెస్టయి, కమీటీ జైలులో టాయిలెట్ కాగితం మీద గికూయు భాషలో ఒక నవల రాశారు. అది 1980లో అచ్చయింది. 1982లో ఆయనే 'డెవిల్ ఆన్ ది క్రాస్' పేరుతో ఇంగ్లీషు చేశారు. తెలుగులోకి దాన్ని వరవరరావు తాను జైలులో ఉండగా తెచ్చారు. ఈసారి చేయబోయేవి:

1. విజయవాడ మిత్రులు మొదటి చర్చనుంచే సభ్యులు. చర్చలన్నీ ఉదయం తొమ్మిదికి, మూడు గంటల చొప్పున.
2. రెండు ప్రతులకూ కలిపి ఘట్టాల పట్టిక ముందే తయారుచేసి అందరికీ పంపడం. ఈ పని నాది, పెద్దక్కది.
3. పోలికల గంటలో ఎప్పటి షరతే: పోల్చినవారే అది తెగే చోటు చెప్పాలి.
4. వేగం కొలత మొదటి వారంలోనే, తెలుగు చదివేవారికి, ఇంగ్లీషు చదివేవారికి వేర్వేరుగా.

పట్టికలో మొదటి మూడు ఘట్టాలు ఇప్పటికే రాసేశాం. మిగిలినవి వచ్చే ఆదివారానికి సిద్ధమవుతాయి.